తెలీదు అనే అబద్ధం

ఎంసెట్ రోజుల్లో మా లెక్చరర్ ఒకటే చెప్పేవారు: "తెలీకపోతే వరసగా బి పెట్టేసి రండ్రా, పోయేదేముంది?" నిజమే, అందులో నెగెటివ్ మార్కులు లేవు. సివిల్స్ ప్రిలిమ్స్‌కి వచ్చేసరికి ధైర్యానికి ధర పడింది. జనరల్ స్టడీస్‌లో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అందులో మూడో వంతు కోత.

లెక్క వేసి చూస్తే ఈ కోత న్యాయంగానే కనిపిస్తుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేదీ పోయేదీ సమానం. రెండిటిని కొట్టేయగలిగితే మాత్రం ప్రశ్నకి సగటున 0.67 లాభం. చీకట్లో రాయికి విలువ లేదు, సగం చూసి వేసిన రాయికి ఉంది.

నా ఆఖరి అటెంప్టులో అలా రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోయిన ప్రశ్నలు ఆరు. ఆరూ ఖాళీగా వదిలేశాను. కటాఫ్‌కి 2 మార్కులు తగ్గాయి. చాలాకాలం దాన్ని నిజాయితీ అని చెప్పుకున్నాను. తెలియనిది తెలియదన్నాను, అంతేగా!

ఇప్పుడు అలా అనిపించట్లేదు. నాకు సగం తెలుసు. ఆ సగాన్ని సున్నా అని రాసిచ్చాను. తెలియనిది తెలుసనడం అబద్ధమైతే, తెలిసినంత కూడా తెలియదనడం ఏమవుతుంది? వినయం అనుకున్నది భయమే. ఇంకో మూడు అటెంప్టులు చేతిలో ఉన్నవాడికి ఆ భయం ఉండదు. ఓఎంఆర్ షీటు ఈ తేడా అడగదు.

ఆ ప్రశ్నపత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఆరు ప్రశ్నల పక్కనా అప్పుడు పెట్టుకున్న టిక్కులున్నాయి. కీతో సరిచూస్తే నాలుగు ఒప్పే.