పురుగును వద్దని చిలుకను రమ్మనగలమా?

వానాకాలం మొదలై నాలుగు జల్లులు పడ్డాక చిట్యాల చుట్టూ ఉన్న పత్తి చేల గట్ల మీద నడిచి చూడండి. జిల్లేడు చెట్టు దగ్గర నారింజ రంగు రెక్కల చిలుకలు తిరుగుతుంటాయి. రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్ల చుక్కలు. పిల్లలు ఆగి చూస్తారు. అదే పిల్లలు జిల్లేడు ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు కనిపిస్తే "ఛీ, పురుగు!" అని పుల్లతో కింద పడేసి తొక్కుతారు. తొక్కింది ఆ చిలుక పిల్లనే అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మాకూ చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. మేమూ తొక్కినోళ్ళమే.

ఈ వ్యాసంలో మేము అడగదలచిన ప్రశ్న ఇదే. అందాన్ని చూసి సంతోషపడి, ఆ అందం పుట్టే చోటును అసహ్యించుకుంటే, ఆ సంతోషం న్యాయమైనదేనా?

మన పెద్దలు కొందరు అంటారు: "చిలుకలను చూస్తే కడుపు నిండుతదా బిడ్డా?" నిండదు. కూలికి పోయేవాళ్ళకు, అప్పు తెచ్చి పత్తి పెట్టినవాళ్ళకు తీరిక ఎక్కడిది? కానీ తీరిక ఉన్నోళ్ళకే అందం అనుకుంటే అది మనల్ని మనం తక్కువ చేసుకోవడమే. పశువులను వాగుకు తోలుకుపోయిన పిల్లగాడు తడి ఇసుక మీద గుంపుగా వాలిన చిలుకలను చూస్తాడు. అవి నీళ్ళతోపాటు మట్టిలోని ఉప్పును పీల్చుకుంటున్నాయి. ఆ చూపుకు టికెట్టు లేదు, దుర్భిణి లేదు. ఇంటి ముందు కరివేపాకు చెట్టు, నిమ్మ చెట్టు ఉంటే చాలు. వాటి ఆకుల మీద మొదట పిట్ట రెట్టలా, తర్వాత పచ్చగా కనిపించే పురుగు ఒక చిలుకదే. నాలుగు ఆకులు పోతాయి, చెట్టు చావదు.

ఇప్పుడు మనవాళ్ళలో చదువుకూ పనికీ దేశం దాటేవాళ్ళు పెరిగారు. సింగపూరు చాంగీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది. విమానం మారేవాళ్ళు అందులో తిరిగి ఫొటోలు తీసుకుంటారు. చూడవలసిందే. కానీ ఇంటి గట్టు మీది చిలుక పేరు తెలియకుండా అక్కడి చిలుకకు మురిసిపోతే, ఆ ప్రయాణం కళ్ళతో చేసినదే, మనసుతో చేసినది కాదు.

మెక్సికో సంగతి ఇంకా లోతైనది. ఉత్తర అమెరికాలో ఎండాకాలం గడిపే మోనార్క్ చిలుకలు వేల కిలోమీటర్లు ఎగిరి, మెక్సికో కొండల్లోని చెట్ల మీద చలికాలం తలదాచుకుంటాయి. మన జిల్లేడు చిలుకకు అవి దగ్గరి చుట్టాలు. అవీ పాలు కారే మొక్కల మీదనే పెరుగుతాయి. ఆ పాలలోని విషం ఒంట్లో ఉండడం వల్లనే పిట్టలు రెండింటినీ తినడానికి వెనకాడతాయి. కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ ఉర్కహార్ట్ బృందం 1975లో ఆ చోటును "కనుగొన్నది" అని లోకం చెప్పుకుంటుంది. అక్కడి మసావా ఆదివాసులకూ రైతులకూ ఆ చిలుకలు తాతల నాటి నుంచి తెలుసు. నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్ళను తలచుకునే పండుగ వేళకు వచ్చే చిలుకలను తమ పెద్దల ఆత్మలని నమ్మే ఊళ్ళు ఉన్నాయి. 1986లో ఆ అడవిని రక్షిత ప్రాంతం చేశారు. చెట్టు కొట్టుకునే హక్కు తగ్గింది, బతుకుతెరువు ప్రశ్న మిగిలింది. 2000లో ఆ ప్రాంతాన్ని పెంచినప్పుడు, చెట్లు కొట్టనందుకు ఊళ్ళకు పరిహారం ఇచ్చే నిధి పెట్టవలసి వచ్చింది. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఏటూరునాగారం అభయారణ్యం గీతల లోపల బతికే మన ఊళ్ళకు ఈ కథ కొత్తది కాదు. చూసేవాడి ఆనందానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ లెక్క అడగకుండా ప్రకృతి ప్రేమ గురించి మాట్లాడితే అది సగం మాటే.

అయితే లెక్క మన వైపు నుంచీ చెప్పుకోవాలి. మన జిల్లాలోనే మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులను పెంచుతారు. చీమల నుంచి, పిట్టల నుంచి కాపాడుతూ రోజుల తరబడి చెట్ల కిందనే కాపు కాస్తారు. తీరా కాయ కట్టాక దారం కోసం లోపలి పురుగును చంపక తప్పదు. సీతాకోకచిలుక పేరులోనే కోక ఉంది, మరి మన కోక వెనక ఒక పురుగు చావు ఉంది. దీన్ని దాచి మేము నీతి చెప్పలేము. కానీ ఆ పెంపకందారు అన్ని కాయలనూ ఉడకబెట్టడు. మంచి కాయలను విత్తనానికి ఏరి దండలుగా కట్టి వేలాడదీస్తాడు. వాటిలోంచి రెక్కల పురుగులు బయటికొచ్చి, ఏమీ తినకుండానే కొద్ది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతాయి. తీసుకోవడానికి ముందే తిరిగి ఇవ్వవలసినదాన్ని పక్కన పెట్టడం ఆ పని నేర్పే ధర్మం. కొత్తల పండుగ చేయకుండా కొత్త గింజ నోట పెట్టని మన ఆచారంలోనూ ఉన్నది ఇదే. ఆశకు ఒక ఆగు ఉండాలి.

పత్తి చేనులో మాత్రం ఆ ఆగు పోయింది. గులాబీ రంగు పురుగు కాయను తింటుంటే మందు కొట్టవద్దని రైతుకు చెప్పే ధైర్యం మాకు లేదు. అది పంటకు శత్రువే. కానీ మందుకు శత్రువెవరో తెలియదు. గాలికి గట్టు మీద పడితే జిల్లేడు పురుగూ చస్తుంది. చేను అమ్ముకోవడానికి, గట్టు అందరికీ. కనీసం గట్టును వదిలేద్దాం.

అందుకే మేము చేరిన మాట ఇది. అందాన్ని చూసే హక్కు అందరిదీ, కానీ చూసినవాడికి ఒక బాకీ ఉంటుంది. చిలుకను మెచ్చుకున్నవాడు దాని పురుగుకు నాలుగు ఆకులు వదలాలి, దాని చెట్టును గుర్తుపట్టాలి, ఆ చెట్టును కాపాడుతున్న మనుషులను మరవకూడదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వానాకాలం పిల్లలను ఒక జిల్లేడు చెట్టు దగ్గరకు తీసుకుపోండి. పురుగును చంపకుండా రోజూ చూడమనండి. ఆకుపచ్చ గూడు కడుతుంది, కొన్నాళ్ళకు రెక్కలు విప్పుతుంది. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇంట్లో అవ్వను, తాతను అడగండి, దీన్ని మన భాషలో ఏమంటారని. ఆ పేరు రాసి పెట్టుకోండి. రేపు ఏ దేశం పోయినా, అక్కడి చిలుకను చూసినప్పుడు చెప్పుకోవడానికి మీకు ఇంటి పేరు ఒకటి ఉంటుంది.