హస్తవాసి: ఫలం ఎవరి చేతిది?

ఒకే మందును ఇద్దరు వైద్యులు ఇచ్చినప్పుడు ఒకరి చేతి మందు గుణమిచ్చి మరొకరిది ఇవ్వకపోతే, మొదటివారి హస్తవాసి మంచిదని తెలుగువారు అంటారు. వాసి అంటే మేలిమి. నారు పోసినవారికీ, ఆవకాయ కలిపినవారికీ, దుకాణంలో తొలి బేరమైన బోణీ చేసినవారికీ ఇలాంటి మాటే చెల్లుతుంది. ఆ మేలిమి సంపాదించుకున్నదా, దక్కినదా అన్నది మాత్రం ఈ పలుకుబడి తేల్చదు. భారతీయ చింతనలో అది దైవ పురుషకారాల వివాదం.

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయం ఈ వివాదాన్ని వైద్యుని వైపు నుంచే చర్చిస్తుంది. పూర్వదేహంలో తాను చేసిన కర్మ దైవమనీ, ఇప్పుడు చేసేది పురుషకారమనీ నిర్వచించి, ఆయుర్దాయం ఈ రెండింటి బలాబలాలను బట్టి ఉంటుందనీ, అంతా ముందే నియతమైతే ఔషధాలకు పనే ఉండదనీ వాదిస్తుంది. సిద్ధి యుక్తి మీద, అంటే మోతాదునూ కాలాన్నీ ఎరిగి చేసే యోజన మీద నిలుస్తుందని అదే గ్రంథం సూత్రస్థానంలో అంటుంది. చరకుని తరువాతి కాలంలో వ్యాపించిన నాడీపరీక్షలో వైద్యుడు రోగి మణికట్టు మీద బొటనవేలి మొదట మూడు వేళ్లు ఆనించి, చూపుడువేలి కింద వాతాన్ని, నడిమివేలి కింద పిత్తాన్ని, ఉంగరపువేలి కింద కఫాన్ని పోల్చుకుంటాడు. చూసేవారికి కనిపించేది క్షణకాలపు స్పర్శే తప్ప దాని వెనుక ఏళ్ల తరబడి సాగిన అభ్యాసం కాదు. దైవం వేరుగా లేదనీ, ఫలానికి వచ్చిన పాత ప్రయత్నానికే లోకులు ఆ పేరు పెట్టారనీ యోగవాసిష్ఠం చేసిన వాదం ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది.

అయినా అభ్యాసమంతా లెక్కవేశాక కొంత మిగులుతుంది; అంతే నేర్పు, అంతే శ్రద్ధ ఉన్నవారి చేతుల్లోనూ రోగులు దక్కకపోవడం ఉంది. భగవద్గీత 18వ అధ్యాయం ఆ శేషానికి చోటిచ్చింది. అధిష్ఠానమనే శరీరం, కర్త, కరణాలనే ఇంద్రియాలు, నానావిధ చేష్టలు అని నాలుగు కారణాలు లెక్కించి, ఐదవది దైవమని చెప్పి, తానొక్కడే కర్తనని తలచేవాని బుద్ధికి సంస్కారం లేదంది. కాబట్టి మంచి హస్తవాసి గలవాడని పేరుపడిన వైద్యుడు అంతా పైవాడి దయేనని చేతులు జోడిస్తే, అది మర్యాదకు అనే మాట కాదు, కర్మ స్వరూపాన్ని ఎరిగి అనే మాట.

ఈ నమ్మకానికి క్రూరమైన రెండో ముఖం ఉంది. చెయ్యి మంచిది కాదన్న పేరుతో, ముఖ్యంగా భర్తను కోల్పోయిన స్త్రీలను, బోణీకీ శుభకార్యాలకూ దూరం పెట్టడం తెలుగునాట ఇంకా పూర్తిగా పోలేదు. దీనిని శాస్త్రానికి అంటగట్టడం అన్యాయం. చరకుడు చెప్పిన దైవం ఎవరి కర్మ వారిదే. గీత చెప్పిన ఐదు కారణాలు న్యాయమైన పనికీ విపరీతమైన పనికీ, ఎవరు చేసినా, సమానమే. ఒకరి చేతి నుంచి మరొకరికి అరిష్టం అంటుతుందనడానికి ఈ రెండింటిలోనూ ఆధారం లేదు. నిజానికి అదే తర్కం ప్రశంసకూ వర్తిస్తుంది: శుభం ఒక చేతిని అంటిపెట్టుకుని ఉంటుందనడానికీ అక్కడ ఆధారం దొరకదు. కాకపోతే ఆ ప్రశంస వల్ల రోగికి మందు మీద గురి కుదురుతుంది. ఈ నింద వల్ల ఒక తల్లి సొంత కూతురి పెళ్లిలో అక్షతలు వేయడానికి కూడా వెనుకాడుతుంది.