ముచ్చట్లు ఎవరివి, సంతకం ఎవరిది?

1970ల్లో విజయవాడ నుంచి వెలువడే ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' అనే శీర్షిక వచ్చేది. సంతకం పురాణం సీతది. రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఇంటి సంగతుల నుంచి రాజకీయాల దాకా అన్నిటినీ ఒక గృహిణి నోట పలికించిన ఆ శీర్షికని ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునేవాళ్లున్నారు. స్త్రీల నవలలకి గిరాకీ ఉన్న ఆ కాలంలో ఆడపేరు పెట్టుకున్న మగ రచయిత ఆయనొక్కడే కాదు కాబట్టి ఆయన్ని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. హాస్యం నాకూ నచ్చుతుంది. నన్ను వేధించే ప్రశ్న వేరు. శీర్షిక అచ్చయిన మర్నాడు పొద్దున ఆ సీత ఎవరికి కాఫీ కలిపి ఇవ్వాలి?

నిజంగా ఒక ఇల్లాలు తన ఇంటి ముచ్చట్లు రాసి పత్రికకి పంపిందనుకుందాం. మర్నాడు అదే వంటింట్లో, అదే అత్తగారికి, అదే ఆడపడుచుకి ఎదురుపడాలి. ఏ వాక్యం ఎవరికి గుచ్చుకుందో గ్లాసు కింద పెట్టే చప్పుడులోనే తెలిసిపోతుంది. సీతకి ఆ బాధ లేదు. ఆవిడ అత్తగారు కాగితం మీదే ఉంటుంది. మగవాడు ఆడపేరుతో రాయడంలో అబద్ధం ఉందని కొందరు అంటారు. కథలన్నీ అబద్ధాలే కదా, అది నాకు పెద్ద అభ్యంతరంగా తోచదు. రాసినదానికి చెల్లించాల్సిన మూల్యాన్ని ఆయన చెల్లించనక్కర్లేకపోవడమే నాకు పట్టింపు.

ఈ ఆలోచన నాకు నెట్‌లో రాయడం మొదలుపెట్టాక వచ్చింది. 2000ల మధ్యకాలం. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి రావడంతో కంప్యూటరు తెలుగు అక్షరాలు చూపించడం మొదలుపెట్టింది. వీవెన్ తయారు చేసిన 'లేఖిని'లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు ప్రత్యక్షమయ్యేది. గవర్నరుపేటలో నెట్ సెంటరుకి వెళ్లి, చెక్క అరల మధ్య ఇరుక్కుని కూర్చుని, గంటకింత అని కట్టి రాసేదాన్ని. సంపాదకుడు లేడు, తిరుగుటపా కవరు లేదు. చాలామంది ఆడవాళ్లం మారుపేర్లతోనే రాశాం. నేను పాఠాలు చెప్పే కాలేజీలో తెలియకూడదు, అత్తవారింట్లో తెలియకూడదు. తమాషా ఏమిటంటే, కాస్త గట్టిగా ఏదైనా రాస్తే వెంటనే ఎవరో ఒకాయన అడిగేవాడు, "మీరు నిజంగా ఆడవాళ్లేనా?" అని. సీతమ్మ వారసత్వం మాకు అలా దక్కింది.

మారుపేరు మమ్మల్ని కాపాడింది. దాన్ని పిరికితనం అనేవాళ్లు ఒక్కసారి 2021, 2022 సంవత్సరాలని గుర్తు తెచ్చుకోవాలి. సల్లీ డీల్స్, బుల్లీ బాయి అనే పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి 'వేలం' వేశారు. వాళ్లంతా సొంత పేరుతో, సొంత ముఖంతో మాట్లాడినవాళ్లు. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది 2017 ఆగస్టులో. మనకి అది అంతకు చాలా ముందే, డైరీ బియ్యం డబ్బాలో దాచుకున్న రోజుల్నుంచే తెలుసు.

అయితే నా గోప్యత సరే, నా రాతలో కనిపించేవాళ్ల సంగతేమిటి? స్త్రీవాదం మనకి నేర్పిన మొదటి పాఠం, ఇంటి విషయం ఇంటి విషయం మాత్రమే కాదని. నా జీవితం చెప్పుకునే హక్కు నాకుంది. కానీ నా జీవితంలో నేనొక్కదాన్నే లేను. అమ్మ ఉంది, పనిచేసే మనిషి ఉంది, తోడికోడలు ఉంది. నేను ముసుగేసుకుని వాళ్ల ముఖాలు చూపిస్తుంటే, వాళ్ల విషయంలో నేనూ పురాణం సీతనే కదా. నిజానికి ఆ సీతే నయం. ఆవిడ అత్తగారు ఎవరి అత్తగారూ కాదు.

2017 అక్టోబరులో విశ్వవిద్యాలయాల్లో లైంగిక వేధింపులకు పాల్పడ్డారంటూ అధ్యాపకుల పేర్ల జాబితా ఫేస్‌బుక్‌లో వచ్చినప్పుడు ఈ ప్రశ్న మనందరి మధ్యా తిరిగింది. ఆరోపించినవాళ్ల పేర్లు లేవు, ఆరోపణకి గురైనవాళ్ల పేర్లు ఉన్నాయి. దాన్ని వెనక్కి తీసుకోమని పెద్ద స్త్రీవాదులు కొందరు 'కాఫిలా'లో ప్రకటన ఇచ్చారు, చిన్నవాళ్లు మండిపడ్డారు. నేను చిన్నవాళ్ల వైపే మొగ్గాను. కింద ఉన్నవాళ్లు పేరు దాచుకుని పైనున్నవాడి పేరు చెప్పడం ఒకటి, చదువూ ఉద్యోగమూ ఉన్న నేను పేరు దాచుకుని పదో తరగతి దాటని పిన్ని పేరు చెప్పడం మరొకటి. ముసుగు రెండు చోట్లా ఒకేలా కనిపించినా అది చేసే పని వేరు.

పిన్ని సంగతి చెప్పాలి. మొవ్వ దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. కాలవ చివరి భూములు, నాలుగెకరాల పిత్రార్జితం. పిన్ని పెళ్లి 1983లో అయింది. ఆడపిల్లలకి కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికే పెళ్లయినవాళ్లకి తప్ప. రెండేళ్ల తేడాలో పిన్ని గీత అవతల మిగిలిపోయింది. మామయ్యలిద్దరూ 1996లో పొలం పంచుకుని రిజిస్టరు చేయించుకున్నారు. 2005లో కేంద్ర చట్టం పెళ్లి షరతు లేకుండా హక్కు ఇచ్చింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాల జోలికి వెళ్లలేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చినప్పుడు టీవీలో ఆ వార్త చూసి పిన్ని నవ్విందట. మా అమ్మ పెళ్లి ఇంకా ముందే అయింది, ఆవిడ ఎప్పుడూ అడగలేదు. పిన్ని అడిగింది. అడిగినందుకు పదేళ్లు పుట్టింటి గడప తొక్కనివ్వలేదు.

ఇది రాయాలని నాకు ఎంతోకాలంగా కోరిక. చట్టం గురించి వ్యాసాలు చాలా వచ్చాయి, ఆ రెండేళ్ల గీత మీద నిలబడ్డ మనిషి గురించి పెద్దగా రాలేదు. పేరు మారుస్తాను, ఊరు మారుస్తాను అని పిన్నికి చెప్పాను. పెద్ద ఔదార్యం చూపిస్తున్నట్టే చెప్పి ఉంటాను.

"మార్చడమెందుకే? పెళ్లయిన దగ్గర్నుంచీ చిన్నకోడల్ని, పిల్లలు పుట్టాక ఫలానావాళ్లమ్మని. పట్టాదారు పుస్తకంలో ఎట్టాగూ లేదు. నీ రాతలోనన్నా ఉండనీ నా పేరు."

కాసేపాగి, "ఇంతకీ కింద నీ పేరు ఉంటుందా, ఆ నెట్టులో పెట్టుకున్నావే, అదా?" అంది. ఆవిడకి ఆ మారుపేరు సంగతి ఎలా తెలుసో ఇప్పటికీ అడగలేదు.

పత్రిక అయితే వారం తిరిగేసరికి పకోడీల పొట్లం అవుతుంది. నెట్‌లో పడ్డది పోదంటారు. అది పూర్తిగా నిజం కాదు. 2009లో జియోసిటీస్, 2014లో ఆర్కుట్ మూతపడ్డప్పుడు ఎందరి రాతలు పోయాయో లెక్కలేదు. నేను శ్రద్ధగా రాసుకున్నవి చాలావరకు ఇప్పుడు వెతికినా దొరకవు. ఎవరో తీసి దాచుకున్న స్క్రీన్‌షాట్ మాత్రం సరిగ్గా పెళ్లి సంబంధం మాట్లాడే వేళకి బయటికొస్తుంది. ఏది మిగలాలో, ఏది పోవాలో రాసినవాళ్ల చేతుల్లో లేదు, అదీ అసలు భయం. పిన్ని మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. ఆ మాట నేనే పిన్నికి గుర్తు చేశాను. "పొలం అడిగిన ముసలమ్మ మనవరాలని వెనక్కిపోయే సంబంధం పోనీ" అంది.

మామయ్యల అనుమతి కావాలని నాకనిపించలేదు. అంత పెత్తనం చేసినవాళ్లకి ఒక వ్యాసాన్ని భరించే శక్తి ఉంటుంది. చిక్కల్లా చిన్న అత్తతో వచ్చింది. చిన్నమామయ్య పోయి ఏళ్లయింది. ఆ రెండెకరాల కౌలు మీదే ఆవిడ బతుకు. పాసుపుస్తకంలో తన పేరు చూసుకోవడానికి ఆవిడ భర్త చనిపోవాల్సి వచ్చింది. పిన్ని న్యాయం గురించి నేను రాసే ప్రతి వాక్యమూ ఊళ్లో ఈవిడ గుమ్మం ముందుకే వెళ్లి నిలబడుతుంది. పిన్ని ఒప్పుకోలు ఈవిడకి సరిపోదు. వెళ్లి అడిగాను. కుర్చీ వేసింది, మజ్జిగిచ్చింది. "ఆ గొడవలు ఇప్పుడెందుకమ్మా" అంది. అవుననీ కాదు, కాదనీ కాదు. ఆడవాళ్లు అలా అన్నప్పుడు దాన్ని ఏమని చదవాలో మనందరికీ తెలుసు.

వ్యాసం రాశాను. పిన్ని పేరు పిన్నిదే, పుట్టింటి పేరుతో సహా. కింద నా అసలు పేరు పెట్టాను, పదిహేనేళ్ల మారుపేరుని వదిలేసి. మామయ్యలు మామయ్యలుగానే ఉన్నారు. చిన్న అత్త మాత్రం అందులో ఎక్కడా లేదు. ఒక్క వాక్యంలోనైనా లేదు.

పిన్ని మనవడి ఫోనులో చదివించుకుని విందట. రెండోసారి కూడా చదివించుకుందట. రాత్రి ఫోన్ చేసింది. బావుందనలేదు, బాలేదనలేదు. "అన్నీ రాశావు గానీ, మరి ఆ పొలం ఇప్పుడెవరు చేస్తున్నట్టే?" అని అడిగింది.