అడగకుండా చేతికిచ్చిన రాకెట్

మొక్కై వంగనిది మానై వంగునా అని మా అవ్వ రోజుకు ఒక్కసారైనా అంటుంది. హోసూరు చుట్టుపక్కల మాలాంటి తెలుగు ఇళ్లలో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు ఉండరనుకుంటాను. లెక్కలు రాకపోతే ఇదే మాట, ముగ్గు వంకరపోతే ఇదే మాట. ఈ ఏడాది నుంచి నాకు ఈ సామెత మీద అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం గురించే రాస్తున్నాను.

మా తమ్ముడికి ఎనిమిదేళ్లు. పోయిన సంక్రాంతి సెలవుల్లో వాడు వీధిలో షటిల్ ఆడుతుంటే ఎవరో చూసి, "మీవాడి చెయ్యి బాగుందబ్బా" అని నాయనతో అన్నారు. అంతే. వారం తిరక్కముందే కొత్త రాకెట్ వచ్చింది, బూట్లు వచ్చాయి, టౌన్‌లో కోచింగ్‌కు డబ్బు కట్టేశారు. పొద్దున ఐదింటికి నాయన బండి స్టార్ట్ చేసే చప్పుడుకే నాకు రోజూ మెలకువ. మూడు నెలలు బాగానే జరిగింది. తర్వాత వాడికి తెల్లారేసరికి కడుపునొప్పి రావడం మొదలైంది. కోచింగ్ లేని ఆదివారాలు మాత్రం రాదు. ఒకరోజు నా పక్కన పడుకుని, "అక్కా, నాయనకు చెప్పొద్దు, నాకు నొప్పి లేదు" అన్నాడు.

చెప్పాలా వద్దా అని నేను సతమతమవుతున్న రోజుల్లోనే మా తెలుగు సార్ క్లాసులో ఆండ్రీ అగస్సీ అనే టెన్నిస్ ఆటగాడి కథ చెప్పారు. పాఠం వేరే ఏదో, సార్ మాట ఎక్కడెక్కడికో పోయి అక్కడ ఆగింది. నాకు మాత్రం ఆ రోజు పాఠం గుర్తులేదు, అగస్సీ ఒక్కడే గుర్తున్నాడు. తర్వాత సార్‌ను అడిగి అడిగి మిగతా సంగతులు తెలుసుకున్నాను.

అగస్సీ తండ్రి మైక్ ఇరాన్‌లో పుట్టినవాడు. 1948, 1952 ఒలింపిక్స్‌లో ఇరాన్ తరఫున బాక్సింగ్ చేశాడు. అమెరికా వెళ్లి లాస్ వేగాస్‌లో స్థిరపడి కాసినోలో పని చేసేవాడు. తన పిల్లల్లో ఒకరు టెన్నిస్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానానికి రావాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఎడారి ఊళ్లో ఇంటి వెనకే టెన్నిస్ కోర్టు కట్టించాడు. 1970లో నాలుగో బిడ్డగా ఆండ్రీ పుట్టాడు. మన ఇళ్లలో ఉయ్యాలకు చిలకల్ని వేలాడదీస్తాం కదా, ఆయన టెన్నిస్ బంతుల్ని వేలాడదీశాడట. ఏడేళ్లు వచ్చేసరికి పిల్లవాడు ఒక యంత్రం ముందు నిలబడ్డాడు. బంతుల్ని విసిరే ఆ యంత్రాన్ని తండ్రే ఇంకా వేగంగా విసిరేలా మార్చాడు. పిల్లవాడికి అది నిప్పులు కక్కే డ్రాగన్‌లా కనిపించేది. రోజుకు 2,500 బంతులు కొట్టాలి. అలా కొడితే ఏడాదికి దాదాపు 10 లక్షలవుతాయి, 10 లక్షల బంతులు కొట్టిన పిల్లవాణ్ణి ఎవరూ ఓడించలేరు, ఇదీ తండ్రి లెక్క.

13 ఏళ్లకు ఫ్లోరిడాలోని నిక్ బొలెటేరి టెన్నిస్ అకాడమీకి పంపించేశాడు. అబ్బాయి బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. 16 ఏళ్లకు ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడు. 1992లో వింబుల్డన్, 1996లో ఒలింపిక్ బంగారు పతకం, మొత్తం ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు. 1995లో ప్రపంచ నంబర్ 1. అంటే తండ్రి అనుకున్నదంతా జరిగింది. ఆ కొడుకే ఆట మానేశాక 2009లో తన జీవిత కథ రాస్తూ, నాకు టెన్నిస్ అంటే అసహ్యం, మొదటి నుంచీ అసహ్యమే అని చెప్పాడు.

ఇక్కడ మా క్లాసు రెండుగా చీలిపోయింది. ముందు బెంచీ అబ్బాయి లేచి, "అసహ్యమైతే ఏం సార్, ఎనిమిది కప్పులొచ్చాయి కదా! బలవంతం చెయ్యకపోతే ఒక్కటి వచ్చేదా?" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు గానీ, ఆ క్షణంలో నా దగ్గర జవాబు కూడా లేదు.

జవాబు ఇంటికొచ్చాక తోచింది. ఆండ్రీ నాలుగోవాడు. అతని కంటే ముందు పుట్టిన ముగ్గురినీ తండ్రి అదే కోర్టులో ఆడించాడు. వాళ్లెవరూ ఆండ్రీలా కాలేదు. ఇల్లొకటే, తండ్రి ఒకడే, పట్టుదలా ఒకటే. బలవంతం వల్లే కప్పులు వచ్చాయంటే ఆ ముగ్గురికీ రావాలి కదా? మనం గెలిచినవాడి ఫోటో చూసి దారి మంచిదంటున్నాం. అదే దారిలో నడిచి ఫోటో లేకుండా మిగిలిపోయినవాళ్లను లెక్కలోకే తీసుకోవడం లేదు. అయినా ఒకవేళ నలుగురూ గెలిచారే అనుకుందాం. అప్పుడైనా అది సరైన పనేనా? ఫలితం బాగుంటే పద్ధతి ఒప్పయిపోతుందా? పరీక్షలో చూసి రాసి వంద మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మనమెవరం మెచ్చుకోం.

జెన్నిఫర్ కాప్రియాటి సంగతి ఇంకొకటి. 1990లో 14 ఏళ్లు నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. 1992 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. 1993 తర్వాత ఆటకే దూరమైపోయింది. అలసిపోయింది పాపం. తర్వాత మహిళల టెన్నిస్ సంఘం 18 ఏళ్లలోపు అమ్మాయిలు ఎన్ని టోర్నీలు ఆడొచ్చో పరిమితి పెట్టింది. కాప్రియాటి తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. ఆ రెండో రాక ఆమె సొంతం అని నాకనిపిస్తుంది.

అగస్సీకి కూడా అలాంటి రెండో రాక ఒకటుంది. 1997లో అతని ర్యాంకు 141కి పడిపోయింది. మానేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. డబ్బుంది, పేరుంది, పైగా ఆటంటే ఇష్టం లేదు. కానీ అతను చిన్న చిన్న టోర్నీలకు పోయి, కొత్త కుర్రాళ్లతో కింది నుంచి ఆడుకుంటూ వచ్చాడు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఎవరూ వెనక నిలబడి తోయలేదు. అయితే మా క్లాసు అబ్బాయి దీన్ని కూడా వాడుకున్నాడు. "చివరికి తనే ఒప్పుకున్నాడుగా, మరి నాయన చేసింది కరెక్టే" అన్నాడు. నాకలా అనిపించదు. దారి తప్పించి అడవిలో వదిలేస్తే మనిషి అక్కడే గుడిసె వేసుకుని బతకడం నేర్చుకోవచ్చు. అది అతని గొప్పతనం. వదిలేసినవాడికి అందులో వాటా ఎక్కడిది?

ఇంతవరకూ రాసి, నేనే గెలిచాననుకుని మా పీఈటీ సార్‌కు చూపించాను. ఆయన చదివి నవ్వి, "ఎనిమిదేళ్లకు మొదలుపెట్టకపోతే పద్దెనిమిదేళ్లకు ఆ చెయ్యి తిరగదమ్మా. పెద్దయ్యాక అడుగుదాంలే అంటే, అదీ ఒక నిర్ణయమే. ఆ తలుపు నువ్వే మూసేసినట్టు" అన్నారు. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా ఆరేళ్లకు రాకెట్ పట్టింది కాబట్టే 2003లో, 16 ఏళ్లకే వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలవగలిగింది అన్నారు. ఆ మాట నిజమే. దాంతో నా వ్యాసం సగం కొట్టేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి కూడా తట్టింది. నన్నడగకుండా మా వాళ్లు చేసినవి చాలానే ఉన్నాయి. తమిళనాడులో ఉంటూ తెలుగు మీడియంలో వేశారు. ఎవరు అడిగారు నన్ను? ఐదేళ్లప్పుడు అడిగి ఉంటే, పక్కింటి పిల్ల పోయే బడికి, పసుపు వ్యాను వచ్చే బడికి పోతానని ఏడ్చి ఉండేదాన్ని. ఇప్పుడు అవ్వ చెప్పే కథలు రాసుకోగలుగుతున్నానంటే ఆ అడగకపోవడం వల్లే. మరి దాన్ని మెచ్చుకుంటూ దీన్ని ఎలా తప్పు పట్టను? చాలా రోజులు ఆలోచిస్తే నాకు కనిపించిన తేడా ఇది. బడి నాకు వేరే తలుపులు మూయలేదు, తమిళమూ వచ్చింది, ఇంగ్లీషూ కొంచెం వచ్చింది. ఆండ్రీకి టెన్నిస్ కోసం బడే మూతపడింది. 2001లో లాస్ వేగాస్‌లో పేద పిల్లల కోసం అతను ఒక బడి తెరిచాడు. తొమ్మిదిలో చదువు ఆపేసినవాడు కట్టించడానికి ఇంకేదీ దొరకనట్టు బడినే ఎంచుకున్నాడు చూడండి.

రెండో తేడా చెప్పడం కష్టం. 1992లో వింబుల్డన్ గెలిచాక అతను తండ్రికి ఫోన్ చేశాడు. తండ్రి మొదట అడిగింది, నాలుగో సెట్ ఎందుకు పోగొట్టుకున్నావు అని. తర్వాత కాసేపు మాట లేదు. అవతల తండ్రి ఏడుస్తున్నాడని కొడుక్కి అర్థమైంది. ఈ భాగం సార్ చెప్పినప్పుడు మా క్లాసులో చప్పుడే లేదు. ప్రేమ లేక కాదు, ఉంది. కానీ గెలిచిన రోజు కూడా అది ముందు బయటికి రాలేదు. ఓడిన రోజుల సంగతేంటి?

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను, అమ్మ చదివితే చదవనీ. నన్నెవరూ పొద్దున ఐదింటికి లేపలేదు. నేనూ షటిల్ ఆడతాను, తమ్ముడికి సర్వీస్ నేర్పింది నేనే. నా చెయ్యి ఎవరి కంటా పడలేదు. తమ్ముడి మీద బలవంతం తప్పని రాస్తున్నాను సరే, నన్ను నా ఇష్టానికి వదిలేయడం స్వేచ్ఛేనా, లేక నా గురించి ఎవరూ కల కనకపోవడమా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తోయడం ఒక రకం బాధ, అసలు పట్టించుకోకపోవడం ఇంకో రకం.

నాయన గులాబీ పాలీహౌస్‌లో పని చేస్తాడు. అక్కడ బలహీనంగా ఉన్న కొమ్మల్ని పక్కకు వంచుతారు. అప్పుడు మొదట్లోంచి బలమైన కొమ్మలు లేచి పెద్ద పూలు పూస్తాయి. ఒక సాయంత్రం చేన్లో నాయన కొమ్మ వంచుతుంటే ధైర్యం చేసి చెప్పేశాను. "వానికి కడుపునొప్పి లేదు నాయనా. పోవాలంటే భయం." తమ్ముడికిచ్చిన మాట తప్పాను, అది నాకు తెలుసు. నాయనకు కోపం వస్తుందనుకున్నా. రాలేదు. చేతిలోని కొమ్మను చూస్తూ, "ఎంత వంచితే విరుగుతుందో చేతికి తెలుస్తాది పాప. పిల్లోని సంగతి ఎట్ల తెలిసేది?" అన్నాడు.

రాత్రి అన్నాలప్పుడు తమ్ముణ్ణి అడిగాడు. పోతావా, మానేస్తావా అని. వాడు నోట్లో ముద్ద పెట్టుకుని నాయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఏ జవాబు చెబితే నాయన సంతోషపడతాడో అక్కడ వెతుకుతున్నాడు. అడిగితే చాలు అంతా సరిపోతుందనుకున్న నాకు అది చూసి మాట పడిపోయింది. చివరికి అమ్మే, "వారానికి మూడు దినాలు పోనీ, మిగతా దినాలు పండుకోనీ, మళ్లీ పండక్కి అడుగుదాం" అంది.

ఇప్పుడు అలాగే నడుస్తోంది. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు సర్వీస్ సరిగా పడటం లేదని వచ్చాడు. పోయిన శనివారం నాయన బండి తీస్తూ, నువ్వూ వస్తావా అని నన్నడిగాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.