పాతకారుకు దన్ను

పాతకారు ఇంజను గదిలో ఇనుప కడ్డీ బిగించడం గురించి నేను రాస్తున్నానంటే మీరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోండి. నాకు కారు తోలడం కూడా రాదు. అయినా డెట్రాయిట్ దగ్గర మా మరిది ఇంట్లో ఉన్న నాలుగు నెలల్లో ఈ కడ్డీ గురించి విన్నంతగా పెళ్ళి సంబంధాల గురించి కూడా ఎన్నడూ వినలేదు. మా తోడికోడలైతే ఆ కారుకు "నా సవతి" అని పేరు పెట్టేసింది.

సవతి అంటే 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్. ఈ రకం కారు 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. పైకి పందెపు గుర్రంలా కనిపిస్తుందిగానీ, లోపలి ఎముకలు మాత్రం అదే కంపెనీ చేసిన ఫాల్కన్ అనే సంసారపక్షపు కారువి. లారీకున్నట్టు అడుగున విడిగా చట్రం ఉండదు. రేకులన్నీ కలిపి అతికిన ఒళ్ళే చట్రం. ఇంజనుకు అటొకటి, ఇటొకటి రెండు రేకు గోపురాలుంటాయి. ముందు చక్రాల స్ప్రింగులు వాటిలోనే ఆనుకుంటాయి. గతుకు తగిలినప్పుడల్లా దెబ్బ కాచేవి పాపం ఆ గోపురాలే. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఇంజను వైపుకు ఒరుగుతాయి. కంటికి ఆనేంత ఒరుగు కాదు. చక్రాలకు మాత్రం తెలుస్తుంది.

అందుకే కంపెనీ మొదట్లోనే ఒక్కొక్క గోపురాన్నీ వెనక గోడకు కలుపుతూ విడివిడిగా రెండు బద్దలు పెట్టింది. విదేశాలకు పంపే కార్లకైతే వాటి బదులు ఒకే ముక్కగా ఉన్న గట్టి బద్ద వేసేవారట, అక్కడి రోడ్లు ఎలా ఉంటాయో ఏమోనని. దాని పేరే ఎక్స్‌పోర్ట్ బ్రేస్. ఊరు దాటే పిల్లకు సున్నుండలూ ఆవకాయా కట్టి పంపి, ఇంట్లో ఉన్నదాన్ని "నీకేం తక్కువే?" అనడం మనకే చేతనవుననుకునేదాన్ని!

1965లో కారల్ షెల్బీ అనే ఆయన ఈ కారునే పందేలకు పనికొచ్చేలా తీర్చి, జి.టి. 350 పేరుతో అమ్మాడు. అందులో ఆ ఒంటిబద్దతో పాటు అటుపక్క నుంచి ఇటుపక్కకు అడ్డంగా మరో కడ్డీ కూడా ఉండేది. మాంటీ కార్లో బార్ అంటారు దాన్ని. మా మరిది మోజు ఈ రెండింటి మీదా.

ఆయన స్నేహితుడొకాయన మాత్రం ససేమిరా అన్నాడు. కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట. లేకపోతే పాతకార్ల ప్రదర్శనలో మార్కులు కోస్తారట. నాకా వాదం ఎక్కలేదు. బోల్టులతో బిగించేదాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. ముసలావిడ చేతికర్ర పట్టుకుంటే ఆవిడ ఆవిడ కాకుండా పోతుందా?

నన్ను పట్టుకుని వదలనిది ఆ తర్వాతి సంగతి. తీరా కడ్డీ పెట్టబోతే బోల్టు రంధ్రాలు కలవలేదు. గోపురాలు అప్పటికే ఒరిగి ఉన్నాయి మరి. రంధ్రాన్ని ఆకురాయితో కాస్త సాగదీస్తే సరిపోతుందన్నాడు మా మరిది కొడుకు. మెకానిక్కు ఒప్పుకోలేదు. అలా బిగిస్తే కడ్డీ గట్టిగానే ఉంటుంది, కానీ వంకర కూడా దాంతోపాటు గట్టిపడి కూర్చుంటుందన్నాడు. ముందు బరువు తీసి, గోపురాల మధ్య జాకీ అడ్డంగా పెట్టి మెల్లగా ఎడం చేసి, కొలతలు సరిచూసుకుని, అప్పుడు బిగించాడు. కోడు ఒరిగిన మంచానికి అలాగే చెక్కపేడు కొట్టేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మా వీధిలో ఒకావిడ తొమ్మిదేళ్ళుగా తన పెన్షన్లోంచి కూతురికి నెలనెలా డబ్బు పంపుతోంది. అల్లుడి జీతం పేకాటకే చాలదు. "పిల్లకు దన్నుగా ఉండొద్దా?" అంటుందావిడ. ఉండాలి, ఎవరు కాదన్నారు? కానీ ఆ అల్లుడు అత్తగారి డబ్బును ఇంటి ఖర్చు పద్దులో ఎప్పుడో రాసేసుకున్నాడు. సంసారం నిలబడే ఉంది. ఎలా ఒరిగిందో అలాగే నిలబడి ఉంది.

పోనీ, డబ్బు ఆపెయ్యమని చెప్పనా? చెప్పడానికి నాకేం, రేపు బడి ఫీజు కట్టాల్సింది నేను కాదుగా. కారునైతే నాలుగు రోజులు జాకీల మీద నిలబెట్టి తీరిగ్గా చూసుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్న ఇంటి బరువు ఎవరు తీస్తారు? తీయగలిగింది ఆ తల్లి ఒక్కతే. కూతుర్నీ పిల్లల్నీ కొన్నాళ్ళు తన దగ్గర పెట్టుకుంటే తప్ప అల్లుడికి తన ఇంటి బరువెంతో తెలియదు. డబ్బు పంపడం దీనికన్నా తేలిక. ఎవరి కంటా పడదు.

ఊరికి తిరిగొచ్చాక ఆవిడతో ఈ మాటే అన్నాను. కారు గొడవ ఎత్తలేదు లెండి. "నలుగురూ ఏమనుకుంటారు?" అంది వెంటనే. మార్కులు కోసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు! నేనేమీ బదులు చెప్పలేదు. ఆవిడ చాలాసేపు గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. తర్వాత, మేడమీద గదిలో అద్దెకున్నవాళ్ళు ఉగాదికి ఖాళీ చేస్తామన్నారని చెప్పింది.