వద్దనే మాటకు చోటివ్వు తల్లీ

అమ్మా,

మీ కెమిస్ట్రీ ల్యాబ్ పిల్లలంతా కలిసి గండికోట, బెలుం గుహలు, తిరుమల శిలాతోరణం చూసి రావడానికి బండి మాట్లాడుకున్నారనీ, గండికోటలో టెంట్లు వేసుకుంటారనీ విని సంతోషించాను. డిసెంబరులో పెట్టుకోవడం మరీ మంచిది. మే నెలలో ఆ రాళ్లు పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతాయి.

అయితే గైడువైన నీకు ఒక మాట చెప్పాలి. నీ స్కాలర్లు నీతో “వద్దు మేడమ్” అనలేరు. వాళ్ల ఫెలోషిప్ కాగితాల మీద సంతకం నీది, థీసిస్ కదలాలన్నా నీ మాటే కావాలి. నువ్వు కొండ అంచుకు నడిస్తే కళ్లు తిరిగే పిల్ల కూడా వెనకే వస్తుంది. నువ్వు సరదాగా నీళ్లలో దిగమంటే ఈత రానివాడూ దిగుతాడు. అందుకని బయల్దేరే ముందే అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఏది మానుకున్నా కారణం అడగనని చెప్పు. చెప్పి ఊరుకోకు. మొదటి మజిలీలోనే ఏదో ఒకచోట “నేను రాలేను, మీరు వెళ్లిరండి” అని నువ్వే కూర్చో. అప్పుడు వాళ్లకు నోరు పెగులుతుంది.

గండికోటలో పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారిన లోయ చూడముచ్చటగా ఉంటుంది. కానీ పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఆ క్వార్ట్‌జైట్ బండల్లో ఏది గట్టిగా కూర్చుందో, ఏది కదులుతుందో పైకి తెలియదు. అంచున ఫొటోలు వద్దని ముందే తేల్చెయ్. లోయలోకీ దిగనివ్వకు. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. పైన గేట్లు ఎత్తారంటే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. టెంట్లు అంచుకు దూరంగా, మరుగుదొడ్డికి దగ్గరగా వేయించు. ఆడపిల్లలు ఆ ఇబ్బంది నోరు తెరిచి చెప్పరు, రాత్రంతా నీళ్లు తాగకుండా ఓర్చుకుంటారు. ఎండు గడ్డి ఉన్నచోట చలిమంట వెయ్యొద్దు.

బెలుం మీ చదువుకు దగ్గరి చుట్టం. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లమై, సున్నపురాయిని కరిగించుకుంటూ చేసిన దారి అది. భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే ఈ గుహల గురించి రాశాడు. 1982–84లో డేనియల్ గెబావర్ జర్మన్ బృందంతో లోపలంతా తిరిగి కొలిచాడు. మొత్తం 3,229 మీటర్లలో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే. లోపల ఉక్కపోతగా ఉంటుంది, గుహ అడుగునున్న పాతాళగంగ వైపు పోయేకొద్దీ మరీను. ఉబ్బసం ఉన్నవాళ్లనూ, ఇరుకు చోట్లంటే బెదిరేవాళ్లనూ బయటే ఉండనివ్వు. వాళ్లను వెక్కిరించే సీనియర్‌ని మాత్రం అక్కడికక్కడే మందలించు.

శిలాతోరణం జాతీయ భూవిజ్ఞాన స్మారకం. గుర్తుగా చిన్న పెచ్చు కూడా ఎవరూ తీయకూడదు. కొండెక్కేటప్పుడు ఘాట్‌రోడ్డు పక్కన కోసిన రాతిగోడల్ని కిటికీలోంచే చూపించు, బండి ఆపమనకు. కింద పురాతన గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్. ఆ రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ల రాతి చరిత్ర లేకుండా పోయింది. దొరకని డేటా గురించి దిగులుపడే పిల్లలకు నువ్వు చెప్పాల్సిన పాఠం అక్కడుంది.

డ్రైవరు సంగతి మరిచిపోకు. అతనికి వేళకు భోజనం పెట్టించి, నిద్రపట్టే చోట పడక చూపించు. రాత్రి ప్రయాణం పెట్టుకోకు. ఒక చోటు తగ్గినా నష్టం లేదు, ఆ కొండలు ఎక్కడికీ పోవు.

తిరిగొచ్చాక ఎన్ని చోట్లు చూశారని నేను అడగను. ఎవరైనా “వద్దు మేడమ్” అన్నారా అని అడుగుతాను. అన్నారంటే రేపు ల్యాబ్‌లో రీడింగు తప్పొచ్చినా దాచకుండా నీకు చెప్తారు.

క్షేమంగా వెళ్లి లాభంగా రండి.