పెళ్ళయితే తండ్రి పేరు పోతుందా?

వేంపల్లెలోనే కాదు, కడప, కర్నూలు సీమలో ఏ ముస్లిం ఇంట్లోనైనా పెద్దవారిని వంశం గురించి అడిగి చూడండి. తాత, ముత్తాత, వారి అన్నదమ్ముల పేర్లు గడగడా చెబుతారు. దాదీ తల్లి పేరేమిటి, ఆమె ఎవరి కూతురు అంటే చాలామంది దగ్గర జవాబుండదు. షజరా రాసుకున్న ఇళ్ళలోనూ అందులో కనిపించేది ఎక్కువగా కొడుకులే.

దీనికి ఒక కారణం పెళ్ళితో ఇంటిపేరు మార్చడం. షేక్ వారి అమ్మాయి కోడలై వెళ్ళి రేషన్ కార్డులో పఠాన్ అవుతుంది. ఓటరు జాబితాలో తండ్రి పేరు పోయి భర్త పేరు చేరుతుంది. రెండు తరాలు గడిస్తే ఆమె ఎవరి బిడ్డో చెప్పే కాగితం ఇంట్లో మిగలదు. ఈ మార్పును షరీఅత్ కోరలేదు, దేశ చట్టమూ కోరలేదు. ఇరుగుపొరుగు ఆచారం చూసి మనం తెచ్చుకున్నదే.

మనుషులను వారి తండ్రుల సంబంధంతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ ఆదేశిస్తోంది. అది పెంపుడు కొడుకుల సందర్భంలో అవతరించింది. అంతవరకు జైద్ బిన్ ముహమ్మద్‌గా పిలువబడిన హజ్రత్ జైద్ (రజి) తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. మరి స్త్రీల సంగతి? విశ్వాసుల మాతృమూర్తులనే చూడండి: ఆయిషా బిన్తె అబూబక్ర్, హఫ్సా బిన్తె ఉమర్, జైనబ్ బిన్తె జహష్ (రజి). దైవప్రవక్త (స) కన్నా గౌరవనీయుడైన భర్త ఏ స్త్రీకి లభిస్తాడు? అయినా వారి పేర్ల పక్కన తండ్రుల పేర్లే నిలిచాయి.

అలాగని భర్త ఇంటిపేరు రాసుకున్న ప్రతి సోదరినీ పాపాత్మురాలనడం తొందరపాటు. షేక్, పఠాన్ అన్నవి తండ్రి పేర్లు కావు. భర్త ఎవరో తెలపడమే అయితే, తహ్రీమ్ సూరాలో నూహ్ భార్య, లూత్ భార్య అన్న ప్రస్తావనలున్నాయి. ఉలమాలలోనూ అభిప్రాయభేదం ఉంది.

నన్ను కలవరపెట్టేది వేరు. "నువ్వు పఠాన్లింటి దానివైపోతివి, ఈడ నీకేముంది?" అనే అన్నదమ్ముల మాట. తల్లిదండ్రులు విడిచి వెళ్ళినది కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీకి వాటా ఉందని నిసా సూరా 7వ ఆయత్ నిర్ణయించింది. ఇంటిపేరు మారినంత మాత్రాన ఆ వాటా రద్దు కాదు. కానీ తండ్రి పేరే కాగితాల నుంచి చెరిగిపోతే ఆమె బిడ్డలు ఏ ఆధారంతో అడగాలి?

అందుకే వంశ చరిత్ర రాసేవారు ముందుగా పాత నికాహ్‌నామాలు వెదకాలి. వధువు పేరుతో పాటు ఆమె తండ్రి పేరు, మహర్, సాక్షుల పేర్లు అందులో ఉంటాయి. ఇంట్లో ప్రతి లేకపోతే ఖాజీగారి దఫ్తరులో అడగండి. జీవించి ఉన్న దాదీ, నానీల దగ్గర కూర్చొని వారి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు రాసుకోండి. షజరాలో కూతుళ్ళనూ చేర్చండి, అల్లుడి పేరు పక్కన కాదు, తండ్రి పేరు కిందనే.